మూత పెట్టిన గిన్నెలు

పైపుల షెడ్డులో సూపర్‌వైజర్ జంగయ్య వెల్లకిలా పడ్డాడు. అందరూ తలలు దించుకుని నవ్వు మింగారు. మిక్సర్ దగ్గర పనిచేసే సువర్ణ మాత్రం మింగలేదు, పైకే నవ్వింది.

"జారిందా సారూ? మేం రోజూ జారుతనే ఉన్నం. మీరు పడితేనన్న నేల దిక్కు చూస్తరని ఎదురుచూస్తున్న."

"చెయ్యియ్యవే ముందు."

"నా చేతికీ అదే ఆయిలున్నది. పట్టుకుంటే ఇద్దరం పడ్తం."

ఆ ఆయిలును షెడ్డులో డీవోపీ అంటారు. పుస్తకాల్లో థాలేట్ ఎస్టర్ అని రాస్తారు. రంగు లేదు, వాసన లేనట్టే, నీళ్ళలో కలవదు, ఎండలో పెట్టినా ఆరదు. పీవీసీ పొడి ఒట్టిగా కరిగిస్తే ఎముకలా గట్టిపడుతుంది. ఈ నూనె తాగిస్తేనే వంగుతుంది. ఈ కాటేదాన్ పారిశ్రామికవాడ సందుల్లో ఇలాంటి షెడ్లు కొల్లలు. మెత్తని చెప్పు, మెత్తని వైరు, మెత్తని సంచి, అన్నీ ఈ డ్రమ్ములోంచే.

తాగిన నూనె ప్లాస్టిక్‌తో ముడిపడి ఉండదు, అదీ అసలు మోసం. దూదిలో నూనెలాగ ఊరికే కూర్చుంటుంది. వేడి తగిలితే పొగై లేస్తుంది, కొవ్వు తగిలితే అందులోకి దిగుతుంది. మిక్సర్ దగ్గరి ఆడవాళ్ళు చేతులు మండుతున్నాయని కొబ్బరినూనె రాసుకుని పనికొచ్చేవాళ్ళు. షెడ్డు వెనక గదిలో ఉండే రజియా మేడం మొదటిసారి అది చూసి సువర్ణ చెయ్యి పట్టి సబ్బు కింద పెట్టేసింది. "నూనెకు నూనె చుట్టం. మీరు రాసుకుని మరీ దాన్ని ఇంట్లోకి పిలుస్తున్నారు" అంది. తరవాత కంపెనీ ఇచ్చిన గ్లౌజు సాగదీసి చూసింది. అదీ మెత్తని పీవీసీదే. డీవోపీని ఆపడానికి డీవోపీ తాగిన గ్లౌజు. దొంగ తమ్ముణ్ణి తెచ్చి ఇంటికి కాపలా పెట్టినట్టు. ఇదీ మన సేఠుల కార్మిక రక్షణ.

రజియా పెద్ద ల్యాబులో శాస్త్రవేత్తగా పనిచేసి, పైవాళ్ళతో కొట్లాడి మానేసి, ఈ షెడ్డు వెనకే ఒక గది అద్దెకు తీసుకుంది. డ్రమ్ముల యార్డులో ఏళ్ళ తరబడి డీవోపీ ఇంకిన మట్టిని సువర్ణే తట్టకెత్తి ఆమెకు మోసింది. ఆ మట్టిలో ఈ నూనె మీదే బతకడం నేర్చిన సూక్ష్మజీవి ఒకటి దొరికింది. రజియా దాన్ని పెంచింది, బలమైనవాటిని ఏరింది, మళ్ళీ పెంచింది. జంగయ్య జారిపడ్డ రోజున ఆమె మూతపెట్టిన స్టీలు టిఫిన్‌తో షెడ్డులోకి వచ్చింది.

మూత తీస్తే లేత పసుపురంగులో వణుకుతున్న ముద్ద.

"జున్ను లెక్కనే ఉన్నది," అంది సువర్ణ. ఆ పేరే ఉండిపోయింది.

రజియా ఒక చెంచాడు జున్ను తీసి నేల మీది నూనె మడుగులో వేసింది. ఏమీ కాలేదు. నడుం పట్టుకుని నిలబడ్డ జంగయ్య "ఇగ అయిపోయిందా తమాషా" అన్నాడు. అప్పుడు మడుగు అంచు లోపలికి ముడుచుకుంది. మెరుపు పోయింది. పైన మీగడ కట్టింది, మీగడ కింద బుడగలు లేచాయి, ముక్కుకు పుల్లని వాసన కొట్టింది. చాయ్ తాగి వచ్చేసరికి నేల బయటపడింది. గరుకు నేల. పొడి నేల. సువర్ణ చెప్పులు విప్పి పాదంతో రుద్దింది. మళ్ళీ రుద్దింది. జారలేదు. చప్పట్లు కొడుతూ మడుగున్న చోటే ఒక చుట్టు తిరిగింది. ఆమె వెనక మిక్సర్ ఆడవాళ్ళందరూ తిరిగారు.

"మేడం, మా ఒంట్లోకి పోయినదాన్ని సుత గిట్లనే తింటదా?"

"ఒంట్లోకి పంపకు తల్లీ, ముందు నేల కడగనీ. రెండు మాటలు విను. రోజూ పొద్దున దీన్ని వాషింగ్ సోడా నీళ్ళతో కడగాలి. నూనెను విరగ్గొట్టి ఇది పులుపు వదుల్తుంది. కడగకపోతే దాని పులుపే దాన్ని చంపుతుంది. రెండోది, ఇది షెడ్డు గోడ దాటకూడదు."

"దాటితే?"

"తినడానికి ఆయిల్ లేకపోతే చస్తుంది. ఉంటే..." రజియా చుట్టూ చూసింది. గోడ మీది వైర్లు, చుట్టలు చుట్టిన పైపులు, అందరి కాళ్ళకున్న చెప్పులు. "చూస్తున్నావుగా."

సువర్ణ చూసింది. కానీ అప్పుడు ఆమె కళ్ళ నిండా ఆ పొడి నేలే ఉంది.

ఇంట్లో సువర్ణకు ఇంకో డీవోపీ ఉంది. బిడ్డ నవనీతకు తలసేమియా. ఒంట్లో తయారయ్యే రక్తం నిలవదు. మూడు వారాలకోసారి శుక్రవారం పూట రక్తం సెంటర్‌కు పోయి ఎక్కించుకోవాలి. ఆలస్యమైతే పిల్ల పెదాలు తెల్లబడతాయి, మెట్టెక్కితే ఆయాసం. సూది గుచ్చేటప్పుడు తల్లి చెయ్యి పట్టుకోవాలి, ఆ పిల్ల పెట్టిన షరతు అది ఒక్కటే. పట్టుకుని ప్రతిసారీ సణుగుతుంది.

"నీ చెయ్యి జారుతది అమ్మా. మంచిగ కడుక్కరావు."

"కడుక్కున్ననే. పోదది."

ఆ రక్తం సంచిని సువర్ణ ఒకసారి నొక్కి చూసి పట్టేసింది. అంత మెత్తదనం ఊరికే రాదు. రజియాను నిలదీసింది.

"అదే," అంది రజియా. "కొంచెం ఆయిల్ రక్తంలోకి దిగుతుంది, నిజమే. కానీ ఎర్రకణాలు పగిలిపోకుండా ఇన్ని రోజులు కాపాడేదీ అదే. అది లేని సంచిలో రక్తం తొందరగా చెడిపోతుంది. వేరే రకం సంచులు వస్తున్నాయి, మన సెంటర్‌కింకా రాలేదు."

"అంటే నేను పొద్దుందాక తిట్టేది, నా బిడ్డను నిలబెట్టేది ఒక్క డ్రమ్ములదేనా?"

"ఒక్క డ్రమ్ముదే."

"థూ," అంది సువర్ణ. దాన్ని తిట్టాలో మొక్కాలో తెలియని మనిషి ఇంకేమంటుంది?

ఆదివారం షెడ్డు బంద్. రజియా వాళ్ళ అక్క ఇంట్లో పెళ్ళిపనులకు పోయింది. పొద్దున కడగకపోతే జున్ను చస్తుందని సువర్ణ టిఫిన్ ఇంటికి తెచ్చుకుంది. గడప ముందు కూర్చుని సోడా నీళ్ళతో కడుగుతుంటే పక్కింటి పోశవ్వ గ్లాసు పట్టుకుని వచ్చింది. పోశవ్వ ఆ రక్తం సెంటర్‌లోనే ఊడ్చి తుడిచే మనిషి. నవనీతకు అక్కడ పేరు రాయించింది కూడా ఆమే.

"జున్నా సువర్ణా? మాకు ఓ ముక్క పెట్టవైతివి."

"తినేది కాదక్కా. జిడ్డును తినేది. షెడ్డుల నేల చూస్తే నువ్వు నమ్మవు, అద్దమే."

"గట్లనా? సెంటర్ల నేలకు పరిచిన ప్లాస్టిక్ షీటు పాతదై జిగటజిగట అంటుకుంటున్నది. ఎంత తుడిచినా పోదు, సిస్టర్ నన్ను తిడ్తది. ఓ చెంచా తోడియ్యి, నేనూ చేసుకుంట."

ఆ వాడలో పొద్దుగూకక ముందు తోడు అడిగితే లేదనరు. జుట్లు పట్టుకుని కొట్టుకున్న ఇళ్ళ మధ్య కూడా గోడ మీదుగా తోడు గిన్నె దాటుతుంది. తోడు లేదన్న ఇంట్లో పాలు విరుగుతాయని నమ్మకం. రజియా మాట సువర్ణకు గుర్తుకు రాకపోలేదు. కానీ పోశవ్వ గ్లాసు చాపి నిలబడింది. నవనీత పుట్టినప్పటి నుంచీ ఆ చెయ్యి ఆ గ్లాసుతో ఆ గడపకు వస్తూనే ఉంది. ఒక చెంచా పడింది, రోజూ సోడా నీళ్ళతో కడగాలన్న మాటతో సహా.

తోడు ఒక ఇంట్లో ఆగితే అది తోడు కాదు. పోశవ్వ దగ్గరి నుంచి ఆమె మరదలికి, మరదలి నుంచి చెప్పుల షెడ్డు ఆడవాళ్ళకు, వాళ్ళ నుంచి వైర్ల షెడ్డుకు. పిల్లలు జిడ్డు కిటికీల మీద రాసి చూశారు. ఒక మెకానిక్ తన షాపు నేలంతా పరిచాడు. వాడ వాడంతా పుల్లని వాసన, వాడ వాడంతా నవ్వులు. ఎన్నేళ్ళుగానో అంటుకుని బతికిన జిడ్డు ఇంత ముద్దతో పోతుంటే ఎవరికి మాత్రం పండగ కాదు?

బుధవారం షెడ్డులో పైపు చుట్ట విప్పబోతే చెరుకుగడలా ఫట్‌మని విరిగింది. ఇంకోటి విప్పారు. అదీ ఫట్. చేతుల వెంట జున్ను పాకి గోడౌన్‌లోని సరుకంతా మెత్తదనం పోయి ఎముకలైపోయింది. జంగయ్య మొహం పైపుల కంటే తెల్లగా అయింది.

సువర్ణకు భయం వెయ్యలేదు, దుఃఖం రాలేదు. ఒళ్ళంతా నిప్పు పాకింది. ఎన్నేళ్ళుగా అడుగుతున్నారు. మిక్సర్ మీద పొగలాగే ఫ్యాను, డీవోపీ దూరని నైట్రైల్ గ్లౌజులు, డ్రమ్ములకు మూతలు, కారితే పట్టడానికి కింద ట్రేలు, అన్నం తినేముందు చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్ళూ. ఆకాశంలో చుక్కలు అడిగారా? సేఠ్ ప్రతిసారీ వచ్చే పండక్కి చూద్దామన్నాడు. ఏ పండగో చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆమె మిక్సర్ మెట్టెక్కి నిలబడింది. చేతిలో చెంచా.

"చూసిండ్రు గదా. సమ్మె చేస్తే మనల్ని తీసేసి ఇంకొకల్ని తెస్తడు. ఈ చెంచాను ఎవలు తీసేస్తరు? ఫ్యాన్లు పెట్టకపోతే మిక్సర్ల పడ్తది. పక్క షెడ్డుల సుత పడ్తది. సేఠ్‌లందరూ మెత్తగైతరు, పైపులే గట్టిగుంటయి."

షెడ్డు కేకలతో దద్దరిల్లింది. మెట్టు దిగబోతే సువర్ణ చెప్పు రెండుగా విరిగింది. వెనక నవ్వుతున్న మల్లేశ్వరి చెప్పూ విరిగింది. అందరూ మరింత నవ్వారు. వాకిట్లో నిలబడ్డ రజియా నవ్వలేదు. వంగి చెప్పు ముక్క తీసుకుని వేళ్ళతో విరిచింది. అప్పడంలా విరిగింది.

"గోడ దాటిందా? ఎవరికిచ్చావు?"

"పోశవ్వక్కకు ఒక్క చెంచానే మేడం. తోడు అడిగె, ఎట్ల లేదంట?"

"ఆమె ఎక్కడ వాడింది?"

"రక్తం సెంటర్ల నేలకు," అంది సువర్ణ, అన్నాకే తట్టింది. ఇయ్యాల శుక్రవారం. నవనీతను తీసుకుని ఆమె భర్త ఎల్లేశం తన ఆటోలో పొద్దున్నే సెంటర్‌కు పోయాడు.

వెంటనే ఎల్లేశానికి ఫోన్ కలిపింది.

"సూది పెట్టిండ్రా?"

"ఏడ పెట్టిండ్రే," అన్నాడు ఎల్లేశం. "బల్ల మీద పెట్టిన సంచి సిస్టర్ చేతికి గట్టిగ తగిలిందట, వెనక్కి తీస్కపోయింది. ఇంకో సంచి తెచ్చిండ్రు, అది అంచుకు పగిలింది. అందరూ ఉరుకుతున్నరు. పోరి పండుకున్నది, పెదాలు తెల్లగైనయ్. నువ్వెందుకు అడుగుతున్నవ్?"

"నేనొచ్చేదాంక ఏదీ ఎక్కనియ్యకు. ఏదీ."

దొరికిన ఆటోలో రజియా ఆలోచిస్తూ కూర్చుంది. దారిలో కిరాణా కొట్టు ముందు ఆపమని వెనిగర్ సీసాలన్నీ ఎత్తుకుంది, అవి చాలవని చింతపండు సంచీ ఎత్తుకుంది. "సోడాలో బతుకుతుంది, పులుపులో చస్తుంది. చలిలో నిద్రపోతుంది," అని తనకు తాను చెప్పుకుంది. "వాళ్ళకు కోల్డ్ రూమ్ ఉందా?"

"లోపల చల్లగది ఉన్నది. పోశవ్వక్కను సుత రానియ్యరు."

"పోనీ, అదొక్కటి మంచి మాట."

సెంటర్ నేల మీది షీటు ఎండిన చెరువులా పగుళ్ళు వారింది. పోశవ్వ గోడకు ఆనుకుని తుడుపుకర్ర పట్టుకుని నిలబడిపోయింది. తెల్ల పెదాలతో పిల్లలు బల్లల మీద పడుకుని ఉన్నారు, వాళ్ళ అమ్మానాన్నలు సిస్టర్ ఫిలోమినా చుట్టూ మూగారు. బయట పెట్టిన సంచులన్నీ బిగుసుకున్నాయి. కణాలు పగిలి, పైకి తేరిన పసుపు ద్రవం ఎర్రబారింది. రజియా ఎవరి అనుమతీ అడగలేదు. తానెవరో ఒక్క వాక్యంలో చెప్పింది, నైట్రైల్ గ్లౌజులు తొడుక్కుంది, వెనిగర్ పోసి తలుపు పిడి నుంచి తుడవడం మొదలుపెట్టింది.

"సిస్టర్, చల్లగది తలుపు నేను చెప్పేదాకా తెరవొద్దు. లోపలి సంచులు బతికే ఉంటాయి. ట్యూబులు సీల్ చింపనివే తియ్యండి. పోశవ్వా, చింతపండు పిసుకు, చిక్కగా. నేలంతా కుమ్మరించు."

పోశవ్వ కదిలింది. ఎల్లేశం కదిలాడు. పిల్లల తండ్రులు చొక్కాలు మడిచి బకెట్లలో చింతపండు పిసికారు. సెంటర్ అంతా చారు కాచినట్టు వాసన. సువర్ణ బిడ్డ దిక్కు ఉరికింది.

"ఆగు," అంది రజియా. "నువ్వు రావొద్దు."

"నా బిడ్డ మేడం."

"నీ గోళ్ళలో ఉంది, నీ కొంగులో ఉంది. అందరికంటే నీ దగ్గరే ఎక్కువుంది. నువ్వు పట్టుకున్న చోటికి ట్యూబు తగిలితే?"

సువర్ణ అద్దం తలుపు బయటే నిలబడిపోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా చింతపండు బకెట్లో ముంచింది. చేతుల మీది పగుళ్ళు భగ్గుమన్నాయి. అద్దం అవతల చల్లగది తలుపు తెరుచుకుంది. సిస్టర్ సంచి తెచ్చింది. రజియా దాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచి నొక్కి చూసింది. మెత్తగా నొక్కుకుంది. సువర్ణ జీవితమంతా తిట్టిన మెత్తదనం. ఆ క్షణాన అది గట్టిపడొద్దని ఆమె మొక్కని దేవుడు లేడు.

నవనీత ఎడమ చెయ్యి చాపింది. పట్టుకునే చెయ్యి లేదు. అద్దంలోంచి తల్లిని వెతికింది.

"పట్టుకోవా?" పెదాల కదలిక తెలిసింది, గొంతు వినపడలేదు.

సువర్ణ బకెట్లోంచి చెయ్యి తీసి చూపించింది, మళ్ళీ ముంచింది. సూది దిగింది. పిల్ల కళ్ళు మూసుకుంది. గొట్టంలో ఎరుపు కదిలింది, చుక్క మీద చుక్క. సువర్ణ అప్పుడు ఏడ్చింది, చెయ్యి తీసి కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేకుండా.

ఆ సాయంత్రానికి కబురు ప్రతి గడపకూ పోయింది. ఎంత తొందరగా తోడు పాకిందో అంతకంటే తొందరగా పులుపు పాకింది. వాడలోని ఇళ్ళన్నీ తమ జున్ను గిన్నెల్లో చిక్కని పులుసు పోసి మూతలు పెట్టాయి. నేలలూ గోడలూ కడిగారు. గిన్నెలు మాత్రం మోరీలో పారబోయొద్దని, అన్నీ తన గదికి తెస్తే మరగబెట్టి చంపుతానని రజియా చెప్పింది. తన దగ్గరి మొదటి ముద్దను మాత్రం చల్లపెట్టెలో పెట్టి తాళం వేసింది. "గోడల మధ్య ఇది మంచిదే," అంది. "తప్పు దానిది కాదు."

మర్నాడు పొద్దున పక్క పారిశ్రామికవాడ నుంచి జనం వచ్చారు, చేతుల్లో ఖాళీ గిన్నెలతో. వాళ్ళలో పెద్దామె ముందుకొచ్చింది.

"అక్కా, నువ్వే గదా సువర్ణంటే? సేఠ్‌లను వణికించే జున్ను ఉన్నదట. మాకూ తోడియ్యి."

సువర్ణ చాపిన ఆ గిన్నె దిక్కు చూసింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అనని మాట పైకి తీసింది.

"లేదు," అంది.

"ఉంచుకుని లేదంటున్నవా?"

"అనుకో. మా పాలు విరిగినా మంచిదే. మీ గిన్నెల సుత పులుసు పోసి మూత పెట్టుకోండ్రి. మాతోని నడువుండ్రి."

ఎందుకో ఆమె చెప్పలేదు. అప్పటికి ఆమెకూ పూర్తిగా తెలియదు. రజియా గది షెడ్డు వెనకే కాబట్టి దారి షెడ్డు గేటు మీదుగానే. వాడ ఆడవాళ్ళంతా మూత పెట్టిన గిన్నెలు చంకన పెట్టుకుని వరసగా నడిచారు. వెనక పక్కవాడ వాళ్ళు. ముందు సువర్ణ. నడకకు మూతలు గలగలమన్నాయి. ఒక గిన్నె చప్పుడుకు ఎవరు భయపడతారు? అన్ని గిన్నెలు ఒక్కటై నడుస్తుంటే వీధి కుక్కలే తప్పుకున్నాయి.

గేటు దగ్గర సేఠ్ కారు దిగుతూ వాళ్ళను చూశాడు. గిన్నెలు చూశాడు. కారు తలుపు పట్టుకుని అక్కడే ఆగాడు.

"జంగయ్యా, గేట్ బంద్ చెయ్. ఏందిది? లోపల ఏం తెస్తున్నారు?"

సువర్ణ ఆగింది. వెనక వరసంతా ఆగింది. మూతల చప్పుడు ఆగింది. అప్పుడు ఆమెకు తెలిసింది.

"ఏం లేదు సేఠ్. గిన్నెలు," అంది. "మూత తియ్యమంటరా?"

"వద్దు, వద్దు." సేఠ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏం కావాలి మీకు? చెప్పండి, మాట్లాడుకుందాం."

"మాట్లాడుడు ఎప్పుడో అయింది. ఫ్యాన్లు. నైట్రైల్ గ్లౌజులు. డ్రమ్ములకు మూతలు, కింద ట్రేలు. సబ్బు, నీళ్ళు. ఈ షెడ్డుకే కాదు, మీ తమ్ముని వైర్ల షెడ్డుకు సుత. ఫిట్టర్లను ఇప్పుడే పిలువుండ్రి. వాళ్ళు వచ్చేదాంక మేం ఈడనే కూసుంటం."

"గిన్నెలు?"

"గిన్నెలు మా ఒళ్ళనే ఉంటయి."

వాళ్ళు కూర్చున్నారు. రజియా వచ్చి సువర్ణ పక్కన వంగి గొణిగింది. "అందులో ఉన్నది పులుసే కదా."

"నేను వేరేదని చెప్పిన్నా మేడం? అడిగితే మూత తీస్తనంటి. వద్దన్నది ఆయనే."

పొద్దు వాలకముందే మిక్సర్ మీద మొదటి ఫ్యాను తిరిగింది. ఎన్నేళ్ళుగానో ఆడవాళ్ళ ముక్కుల్లోకి పోయిన తెల్లపొగ మొదటిసారి తల తిప్పి గొట్టంలోకి పోయింది. ఎవరో మూత మీద దరువేశారు. అంతే, గేటు ముందు అన్ని మూతలూ మోగాయి.

మూడు వారాలు తిరిగి శుక్రవారం వచ్చింది. సెంటర్‌లో కొత్త నేల వేశారు, కడిగే రాతినేల. చేతులు శుభ్రమని రజియా చీటీ రాసి ఇచ్చాకే సిస్టర్ ఫిలోమినా సువర్ణను అద్దం లోపలికి రానిచ్చింది. నవనీత చెయ్యి చాపింది. తల్లి పట్టుకుంది. పిల్ల గట్టిగా పిసికి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పుల్లగ ఉన్నది. గరుకుగున్నది."

"మరి విడువన్నా?"

"వద్దు," అంది నవనీత. "ఇయ్యాల జారుతలేదు."